నేను లేస్తే చప్పట్లు

లేస్తే మనిషిని కానని బెదిరించేవాళ్ళను మీరు చాలామందిని చూసే ఉంటారు. వాళ్ళు లేవరు, ఏమీ జరగదు. నేను లేచాను. లేచి, హైదరాబాదు పాతబస్తీలోని మా ఛత్రినాక సింఫొనీ ఆర్కెస్ట్రా ఏడాది పొడుగునా కలలుగన్న కచేరీల సీజన్‌ను మొదటి సాయంత్రమే ముంచినంత పని చేశాను. డెబ్బైల నాటి మాట. మీరు నవ్వుకున్నా నేనేం అనుకోను, మా ఆవిడ అప్పటినుంచీ నవ్వుతూనే ఉంది.

సింఫొనీ అనగానే నల్లకోట్లూ షాండ్లియర్లూ ఊహించుకోకండి. రైల్వేలో బ్యాండు వాయించి రిటైరైన సామ్యూల్ మాస్టారు మా బస్తీలో దొరికినవాళ్ళందరినీ పోగుచేశారు. వయొలిన్లు పట్టిన వాళ్ళలో ఒక కంపౌండరు, ఇద్దరు టైలర్లు ఉండేవాళ్ళు. బాకాలు ఊదేవాళ్ళు కార్వాన్‌లోని గౌస్ భాయ్ పెళ్ళి బ్యాండు నుంచి వచ్చారు. నేను కరెంటాఫీసు గుమాస్తాను. నాకు ఏ వాద్యమూ రాదని తేలాక పెద్ద ఇత్తడి తాళాలు నా పేర రాశారు. సింఫొనీ మొత్తంలో ఏ రెండు మూడు చోట్లో ధన్‌మని కొట్టాలి. మిగతా సేపు మంచి బాలుడిలా కూర్చోవాలి.

బోనాలు అయిపోగానే మొదలుపెట్టి క్రిస్మస్ దాకా నెలకొక కచేరీ చేయాలని మాస్టారి ఆశ. దానికి హాలు కావాలి. ఉన్నది ఒక్కటే స్కూలు హాలు. దాని కార్యదర్శి రావుగారు కోస్తా నుంచి వచ్చిన పెద్ద ఆఫీసరు, చొక్కా మడతలాగే మాట కూడా ఇస్త్రీ చేసినట్టు ఉండేది.

"మొదటి కచేరీ చూశాకే మిగతావాటి సంగతి, మాస్టారూ," అన్నారాయన. "సింఫొనీలో నాలుగు భాగాలుంటాయి. మొత్తం పూర్తయ్యేదాకా ఎవరూ చప్పట్లు కొట్టకూడదు, అది పద్ధతి. మీవాళ్ళు మధ్యలో ఈలలూ వహ్వాలూ మొదలుపెడితే హాలు ఇవ్వలేను. ఏమీ అనుకోకండి."

మాస్టారి మొహం వాడిపోయింది. ఎందుకంటే మావాళ్ళంతా ఖవాలీలు విని పెరిగినవాళ్ళు. బాగుంటే అప్పటికప్పుడే వహ్వా అనాలి. అనకపోతే పాడినవాడిని అవమానించినట్టే.

నేనూరుకుంటానా? "మీరు ఫికర్ చేయకుండ్రి మాస్టారూ! బస్తీ సంగతి నాకు ఇడిసిపెట్టుండ్రి," అన్నాను.

అదే రోజు నల్లా దగ్గర సభ పెట్టాను. మా గల్లీకి ముఖ్యమంత్రిలాంటి మల్లమ్మత్త బిందె పక్కన పెట్టి అడిగింది: "అది ఎప్పుడు అయిపోతదో మాకేం ఎరుక బిడ్డా? ఆగిందంటే అయిపోయిందనే అనుకుంటం గద!"

"నా దిక్కే చూడుండ్రి అత్తా. నేను కూసున్నంతసేపు అందరు గప్‌చుప్. లేసి నిలబడ్డనంటే అయిపోయినట్టు. గప్పుడు కొట్టుండ్రి చప్పట్లు, మస్తుగ!"

"గంతేనా? నీ మీదికెల్లి చూపు తిప్పితె ఒట్టు!"

నా తెలివికి నేనే మురిసిపోయాను. ఇక్కడ మీకొక రహస్యం చెప్పాలి. పెళ్ళిళ్ళ ముహూర్తాల వల్ల గౌస్ భాయ్ తాళాలు ఊళ్ళు తిరుగుతున్నాయి. అందుకని నేను రిహార్సల్స్ అన్నీ మా ఇంటి గిన్నె మూతలతో, హాయిగా కూర్చునే చేశాను. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు. నేను ఇంట మూతలతో గెలిచాను.

కచేరీ సాయంత్రం అసలు తాళాలు వచ్చాయి. ఒక్కొక్కటీ బండి చక్రమంత ఉంది. ఒళ్ళో పెట్టుకోబోతే గౌస్ భాయ్ అరిచాడు: "అరే మియా! కూసోని కొడితె మోకాళ్ళు పగుల్తయ్. నిలబడి కొట్టాలె. జర ముందుగల్లనే లేసి తయారుగుండు!"

"అట్లనే భాయ్," అన్నాను. నల్లా దగ్గర చెప్పింది ఒక చెవిలో, ఇది రెండో చెవిలో. మధ్యలో రెండూ కలుసుకోలేదు.

హాలు నిండింది. మొదటి భాగం అయింది. సూది పడితే వినిపించేంత నిశ్శబ్దం. ముందు వరసలో రావుగారు ఆశ్చర్యంగా తల పంకించారు. మాస్టారు నా వైపు చూసి కళ్ళతోనే మెచ్చుకున్నారు. నా ఛాతీ పొంగింది.

రెండో భాగంలో కంపౌండరు ఒంటరిగా వయొలిన్ వాయిస్తున్నాడు. జోలపాటంత మెత్తగా ఉంది. అది ముగిసే చోట నా దెబ్బ. ముందుగానే లేచి తాళాలు పట్టుకుని నిలబడ్డాను.

హాలు దద్దరిల్లింది! చప్పట్లు, ఈలలు, వెనక నుంచి "వహ్వా, వహ్వా!" కంపౌండరు పాపం తన వాయిద్యం మధ్యలోనే ఆపి లేచి దండం పెట్టాడు.

మూడో భాగంలోనూ లేచాను. మళ్ళీ అదే. మాస్టారు ఆర్కెస్ట్రాను నడిపించే కర్ర ఊపుతూనే పళ్ళు కొరికారు.

"కూసో!"

"కొట్టాలె గద మాస్టారూ!"

"కూసోనే కొట్టు!"

కూర్చుని కొట్టాను. అటక మీంచి గంగాళం పడ్డట్టు మోగింది. మోకాలు కూడా మోగింది. రావుగారు కళ్ళజోడు తీసి తుడుచుకుంటున్నారు. ఏం జరుగుతోందో అప్పుడు వెలిగింది నాకు. ఇక ప్రళయం వచ్చినా లేవకూడదని కుర్చీ అంచులు గట్టిగా పట్టుకున్నాను.

నాలుగో భాగం ముగిసింది. నిజంగానే గొప్పగా ముగిసింది. మాస్టారు చెమట తుడుచుకుని, జనం వైపు తిరిగి తలవంచారు. ఒక్కరూ చప్పట్లు కొట్టలేదు. హాలంతా నన్నే చూస్తోంది. మాస్టారు వంచిన తల ఎత్తలేదు. తన సంగీతం ఎవరికీ నచ్చలేదనుకున్నారు ఆయన. ఆ వంగిన మెడ చూస్తుంటే నాకు ఏడుపొచ్చింది.

అప్పుడు లేచింది మల్లమ్మత్త గొంతు: "లేస్తవా లేవవా బిడ్డా? అయిపోయిందని మాకు గూడ సమజైంది. చేతులు గుంజుతున్నయ్!"

లేచాను. ఆ చప్పట్లకు కిటికీల మీది పావురాలు ఎగిరిపోయాయి. ఆగమంటే ఆగలేదు. మాస్టారు తలెత్తి చిన్నపిల్లాడిలా నవ్వారు.

జనం వెళ్ళిపోయాక, మల్లమ్మత్త కేకతో అసలు సంగతి గ్రహించిన రావుగారు వేదిక మీదికి వచ్చారు. "ఎన్నో సభలు చూశాను. చెప్పిన మాట ఇంతగా వినే ప్రేక్షకులను చూడలేదు. తప్పు వాళ్ళది కాదు, చెప్పినవాడిది," అన్నారు. "సీజనంతా హాలు మీదే. ఒక్క షరతు. ఈ అబ్బాయికి కుర్చీ వేయకండి. మొదటినుంచీ నిలబడే ఉంటే, మధ్యలో లేచే గొడవే ఉండదు."

ఎంత తెలివైన మనిషి! అందరం ఒప్పుకున్నాం. ఈ కొత్త ఏర్పాటు బస్తీకి కూడా చెప్పాలన్న ఆలోచన మాత్రం మాలో ఒక్కరికీ రాలేదు.

మరుసటి నెల పరదా లేచింది. నేను తాళాలతో కరెంటు స్తంభంలా నిలబడి ఉన్నాను. మాస్టారు ఇంకా కర్ర ఎత్తనేలేదు. చప్పట్లు మొదలయ్యాయి. ఆగవు. నేను చేతులెత్తి దండం పెట్టినకొద్దీ పెరుగుతున్నాయి. చివరికి ఉండబట్టలేక మల్లమ్మత్తను కేకేసి అడిగాను, ఇదేం లొల్లి అని.

"మేమేం జేద్దుం బిడ్డా? నువ్వు కూసుంటెనే గద మేం ఆపేది!"

ఆనాడే ఆ వేదిక మీద, ఆ ఇత్తడి తాళాల సాక్షిగా ప్రతిజ్ఞ చేశాను. ఇక నా జన్మలో ఎవరికీ మర్యాద నేర్పను. సభలోనైనా, పెళ్ళి పంక్తిలోనైనా చిట్టచివరి మనిషి లేచి చెయ్యి కడుక్కుని వెళ్ళిపోయేదాకా, విస్తరి ఎండిపోయినా సరే, నేను మాత్రం లేవను.