పెద్దమ్మ దయ్యం వేషం

మా పెద్దమ్మకు ఏటా ముత్యాలమ్మ బోనాలప్పుడు శివం వచ్చేది, అమ్మవారు పూని ఊగేది. భర్త పోయి, పిల్లలు లేక, గొర్లు కాసుకుని బతికే మనిషికి మా ఊళ్లో ఏడాదికి ఆ ఒక్క రోజే విలువ. మామూలు రోజుల్లో ఆమెను ఒసేయ్ అని కేకేసే పెద్దమనుషులు, ఆ రోజు ఆమె ముందు చేతులు కట్టుకుని, వానలు పడతాయా తల్లీ, పిల్లకు సంబంధం కుదురుతుందా తల్లీ అని అడిగేవాళ్లు. నాకు దేవుళ్ల మీద నమ్మకం తక్కువే. అయినా వాళ్లు వంగి నిలబడటం చూస్తే కడుపు నిండేది.

పెద్దవూర అవతల గుట్టల నడుమ, సాగర్ కాల్వ తవ్వే రోజుల్లో కట్టి వదిలేసిన బంగ్లా ఒకటి ఉండేది. కనుచూపు మేరలో ఇల్లు లేదు, కరెంటు లేదు. నాతో మిర్యాలగూడలో డిగ్రీ చదివిన ఒకడు, పెళ్లిళ్లకు వాడే కెమెరా తెచ్చుకుని అక్కడ దయ్యం సినిమా మొదలుపెట్టాడు. హీరోయిన్ దొరికింది గానీ దయ్యం దొరకలేదు మహానుభావుడికి. ఓసారి మా ఊరి బోనాలకు వచ్చి పెద్దమ్మను చూసినవాడు కాబట్టి, దయ్యం వేషం వెయ్యమని నేరుగా ఆమె దగ్గరికే వచ్చాడు. ఆమె చిన్నపిల్లలా మురిసిపోయింది.

"సినిమాల నేను కనవడ్తనా బిడ్డా?" అని నన్ను మళ్లీ మళ్లీ అడిగింది.

షూటింగ్ రోజు పొద్దున ఎంతసేపు నిలబెట్టినా ఆమెకు ఊగడం చేతకాలేదు.

"డప్పు లేంది అమ్మ ఎట్లొస్తది అయ్యా?"

"అమ్మ రావొద్దు పెద్దమ్మా. నువ్వు ఊకె ఊగు, సాలు" అన్నాడు సినిమా తీసేవాడు.

"ఊకె ఎట్ల ఊగాలె?"

మధ్యాహ్నానికల్లా నేర్చుకుంది. యాక్షన్ అంటే జుట్టు విరబోసుకుని, పళ్లు కొరుకుతూ ఊగేది. కట్ అంటే ఠక్కున ఆగి, కొప్పు ముడేసుకుని, చాయ్ ఉందా అని అడిగేది. అందరం చప్పట్లు కొట్టాం. ఆమె ముఖం వెలిగిపోయింది.

ఆ సినిమాను సూర్యాపేటలో గానీ కోదాడలో గానీ ఏ హాలువాడూ ముట్టుకోలేదు. చివరికి మిర్యాలగూడ లోకల్ కేబుల్‌లో వేశారు. మా ఊరంతా చూసింది, ఒక్కరూ భయపడలేదు. "బోనాలకు గూడ గిట్లనే ఊగుతది గద!" అన్నారు ఎవరో. ఆ మాట వాడవాడా తిరిగింది.

ఆ ఏడు బోనాలకు డప్పు మొదలవగానే పెద్దమ్మ కళ్లు తేలిపోయాయి. వేపమండలు పట్టుకుని ఊగింది, అరిచింది. నేను పక్కనే ఉన్నాను. బంగ్లాలో ఊగినదానికీ దీనికీ తేడా నాకు తెలియలేదు, అది వేరే సంగతి. ఎప్పటిలా ఎవరో ముందుకు వచ్చి వానల గురించి అడగబోతుండగా వెనక నుంచి ఒకడు అరిచాడు.

"కట్!"

పెద్దమ్మ ఆగిపోయింది. చేతులు వాటంతట అవే పైకి లేచి కొప్పు ముడేసుకున్నాయి. గుడి ముందు జనమంతా పడీ పడీ నవ్వారు. ఆ అరిచినవాణ్ణి నేను ఇప్పటికీ క్షమించలేదు, సినిమా తీసినవాణ్ణీ క్షమించలేదు.

తరవాత శివం వచ్చే మనిషి మరో వాడ నుంచి దొరికింది. పెద్దమ్మ బోనాలకు రావడం మానేసింది. ఒకరోజు గొర్లదొడ్డి దగ్గర నన్ను కూర్చోబెట్టుకుని అడిగింది.

"నేనెందుకు ఆగిన బిడ్డా? నిజంగ అమ్మ మీదికొస్తే ఎవడో కట్ అంటే ఆగుతనా? మందికి గన్ని మాటలు జెప్పిన. సంటి పిల్లల తల్లులకు జెప్పిన. గవన్ని నా మాటలేనా? గిన్నేండ్లు ఊగింది నేనేనా?"

ఆమెకు ఇంకేమీ లేదు, ఉన్నది ఆ ఒక్కటే. నా నమ్మకాలు నా దగ్గరే పెట్టుకుని ఆమె చేయి పట్టుకున్నాను.

"గట్లనకు పెద్దమ్మా. అమ్మే వచ్చింది. నేను నా కండ్లతోని సూసిన" అన్నాను.

పెద్దమ్మ నా ముఖంలోకి తేరిపార చూసింది. కోపమేమీ లేదు. మెల్లగా చేయి వెనక్కి తీసుకుంది.

"నువ్వు గూడ యాక్టింగ్ జేస్తున్నవ్ బిడ్డా" అంది.