మోరి గారు అడిగారు, నేను ఒప్పుకున్నాను

ఎదురుగా కూర్చున్న మనిషిని, ఆమె ఊరిని, ఆమె పెట్టబోయే తిండిని చిరునవ్వు చెరగకుండా, వినయంగా తల వంచి, మూడు నిమిషాల్లో అవమానించడం మీలో ఎవరికైనా చేతనవునా? నాకవుతుంది. చేసి చూపించాను. అదీ నాకు ఉద్యోగం ఇవ్వడానికి సముద్రాలు దాటి వచ్చిన ఆవిడను, ఆమె సొంత భాషలోనే!

నేను నర్సింగ్ చదివి, నల్గొండలో ఒక ప్రైవేటు దవాఖానలో రెండేళ్ళు పనిచేశాను. జపాన్‌లో వృద్ధులను చూసుకునే ఉద్యోగాలున్నాయని తెలిసి, ఆ పని మానేసి నల్గొండలోనే జపనీస్ క్లాసులో చేరాను. ఎనిమిది నెలల పాటు రోజూ మా కట్టంగూర్ నుంచి బస్సులో నిలబడే వచ్చాను. దారి పొడవునా నేను గొణుక్కునే జపనీస్ విని, పక్కన నిలబడ్డవాళ్ళు దయ్యం పట్టిందనుకుని జరిగి జాగా ఇచ్చేవారు. ఆ భాష వల్ల నాకు కలిగిన మొదటి లాభం అది.

మాకు పాఠం చెప్పేది చిట్యాల నుంచి వచ్చే సరిత మేడం. జపాన్‌వాళ్ళు మొహం మీద కాదనరని, ఒప్పుకోవడం ఇష్టం లేకపోతే "సోరె వ చొట్టో...", అంటే "అది కాస్త..." అని మధ్యలో ఆపేస్తారని ఆమె చెప్పింది. మాట సగంలో ఆపడమా! నా వల్ల అయ్యే పనేనా? ఆ సంగతి మేడంకూ తెలుసు. ఇంటర్వ్యూ ముందురోజు నన్ను పక్కకు పిలిచింది.

"స్వరూపా, నీ నోరు ఊకుండదు. రేపు వాదం పెట్టుకున్నవనుకో, ఇగ గంతే సంగతి. వాళ్ళేమన్నా 'వతాషి మో సో ఒమోయిమస్' అను."

దాని అర్థం "నాకూ అలాగే అనిపిస్తోంది" అని.

"అన్నిటికి గదే అనాల్నా మేడం?"

"అన్నిటికి గదే. జర నా మాటిను."

విన్నాను. అక్కడే మునిగాను.

మర్నాడు మేము పదకొండు మందిమి, ఉద్యోగాలు రెండు. వచ్చినావిడ పేరు మోరి గారు. మా దగ్గర మోరి అంటే మురికి కాలువ, వాళ్ళ భాషలో అడవి. ఆ పేరు వినగానే వచ్చిన నవ్వును ఆపుకోవడానికే నా బలమంతా ఖర్చయిపోయింది. అరవై దాటిన మనిషి, జపాన్‌లో ఒక వృద్ధాశ్రమానికి పెద్ద. నన్ను చూసి తల వంచి, నాకు అర్థం కావాలని ఒక్కొక్క మాటా విడమరిచి చెప్పింది.

"నేను ముసలిదాన్ని. నా మాట నెమ్మది. మీకు విసుగ్గా ఉంటుంది."

ప్రతి ముక్కా అర్థమైంది! ఆ ఆనందంలో గది అదిరేలా అన్నాను: "వతాషి మో సో ఒమోయిమస్!"

పక్కన కూర్చున్న సరిత మేడం చేతిలో పెన్ను కిందపడింది. నా ఉచ్చారణకు ముగ్ధురాలైందనుకున్నాను.

"మాది మంచు కురిసే చిన్న ఊరు. చూడడానికి ఏమీ ఉండదు."

"నాకూ అలాగే అనిపిస్తోంది."

"మా వంట మీకు రుచించదేమో."

"నాకూ అలాగే అనిపిస్తోంది," అని ఈసారి మర్యాదకు లోటు రాకుండా ఇంకాస్త వంగాను.

మేడం పెన్ను తీసుకునే వంకతో నా చెవి దగ్గరకొచ్చింది. "ఆమె మర్యాదకు తనను తక్కువ జేసుకుంటాంది పిల్లా! కాదనాలె!"

"మీరే గద మేడం, కాదనొద్దన్నరు?"

"గిట్లాంటప్పుడు అనాలె!"

ఇప్పుడు మీరే చెప్పండి, ఆ స్థితిలో ఎవరైనా ఏం చేస్తారు? ఎడమకు పోతున్న ఆటోను ఉన్నపళంగా కుడికి తిప్పినట్టు నేనూ తిరిగాను. ఈసారి ఏం అడిగినా కాదందామని కాచుకుని కూర్చున్నాను.

"మా దగ్గర ఎవరైనా తినకపోతే, అరగంట చూసి పళ్ళెం తీసేస్తాం. మీరేమంటారు?"

"చిగాయిమస్!"

అంటే "తప్పు!" అని. స్టాపు దాటించేసిన కండక్టర్‌ మీద అరిచే గొంతుతో అన్నాను. మేడం కళ్ళు మూసుకుంది. మోరి గారు మాత్రం మూసుకోలేదు.

"ఎందుకు?" అంది.

ఆ ప్రశ్నకు నా దగ్గర బట్టీ పట్టిన జవాబు లేదు. ఉన్నదల్లా మా అవ్వ. చివరి రోజుల్లో ఆమెకు తినిపించింది నేనే. అదే చెప్పాను, వచ్చీరాని జపనీస్‌లో, ముక్కలు ముక్కలుగా.

"మా అవ్వ. తినదు. పళ్ళెం తీస్తే మళ్ళీ అడగదు. సిగ్గు." సిగ్గుకు మాట తెలియక చున్నీతో మొహం కప్పుకున్నాను. "నేను పక్కన కూర్చుంటాను. నేను తింటాను. అవ్వ చూస్తుంది. తరవాత ఒక ముద్ద." 'నెమ్మదిగా' అనే మాట గుర్తురాక, ఖాళీ నోరే నమిలి చూపించాను. "అరగంట కాదు. గంట!"

మోరి గారు అదంతా రాసుకుంది.

"అంటే, తిండి కన్నా ముందు తోడు కావాలన్నమాట."

"వతాషి మో సో ఒమోయిమస్," అన్నాను. ఆ రోజు ఆ మాట పడాల్సిన చోట పడింది ఒక్కసారే.

సాయంత్రం రెండు పేర్లు చదివారు. మొదటిది నాది! మోరి గారు అన్నది సరిత మేడం మాకు తెలుగులో చెప్పింది: "మిగతా పదిమంది పళ్ళెం తీసేసే పద్ధతి బాగుందన్నరట. గీ పిల్లకు మా ఊరు నచ్చలె, మా వంట నచ్చలె, నేను గూడ నచ్చలె. గని ముసలోళ్ళ ఆకలి దెలుసు అంటాంది."

ఆరు నెలలకు నేనక్కడికి వెళ్ళాను. ఇప్పుడు ఆ ఆశ్రమంలో భోజనాల వేళ ప్రతి పళ్ళెం పక్కనా రెండో కుర్చీ ఉంటుంది. అరగంట లెక్క పోయింది.

కానీ ఆ సాయంత్రం సంగతి పూర్తి చేయనివ్వండి. ఇంటికి పరుగున వెళ్ళేసరికి బాపు గొర్రెలను దొడ్లోకి తోలుతున్నాడు.

"కొలువొచ్చింది బాపూ!"

"మంచిగైంది బిడ్డా! ఏమడిగిన్రు?"

"నాకేమనిపిస్తదో అడిగిన్రు. చెప్పిన. ఇచ్చిన్రు."

బాపు దొడ్డి తడిక వేసి నా వైపు తిరిగాడు.

"గిదేం కొలువే! నీకు మాటలొచ్చిన కాడ్నుంచి గీడ అడగకుంటనే చెప్తున్నవ్ గద, ఉత్తగనే!"

కనుక పాఠక మహాశయులారా, నల్గొండ బస్టాండు సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను. ఇకమీదట ఎవరైనా నా ఎదుట తమను తాము తక్కువ చేసుకుంటే, అది ఎంత నిజమైనా సరే, చచ్చినా ఒప్పుకోను.