ఏ ఎడమ

పెనుకొండ ఉమాదేవి పట్టుచీరల అంచులు గీస్తుంది. గీసిన అంచును కంప్యూటర్ నుంచి మగ్గానికి పంపే ప్రోగ్రామును సీ భాషలో తానే రాసుకుంది. ఆమె ఇంట్లో అది వినయవిధేయతలకు మారుపేరు. ధర్మవరంలో నేతగాడు ఈరన్న మగ్గం దగ్గర మాత్రం, నెమలి అంచు పంపమంటే ‘నెమలి ఫైలు లేదు’ అని మొండికేసింది. సాయంత్రంలోగా నేత మొదలుకాకపోతే ఆ అంచు వేయాల్సిన పెళ్లిచీర వేరే మగ్గానికి పోతుంది.

ఆమె ధర్మవరంలో రైలు దిగి ఈరన్నకు ఫోన్ చేసింది.

“టీ కొట్టు కాడ ఎడమ సందు, మా ఇల్లు ఆడనే ఉండాది,” అన్నాడతను.

ఎడమకు తిరిగితే గేదెల కొట్టం ఎదురైంది. మళ్లీ ఫోన్ చేసింది.

“ఎడమ అంటివే అన్నా?”

“మా ఇంటి నుంచి వస్తే ఎడమే గదమ్మా!”

ఉమాదేవి మహాసత్యం విన్నదానిలా నడివీధిలో ఆగిపోయింది. మరి తన ప్రోగ్రాము ఎక్కడి నుంచి వెతుకుతోంది?

వెళ్లి చూస్తే తేలింది. ‘డిజైన్ల ఫోల్డరులో నెమలి’ అని మాత్రమే ఆమె రాసింది. ప్రోగ్రాము ఆ దారిని తానున్న చోటు నుంచి కాక, తనను నడిపిన చోటు నుంచి లెక్కించింది. ఆమె ఇంట్లో ఆ రెండూ ఒకటే; ఈరన్న దాన్ని వేరే ఫోల్డరు నుంచి నడిపాడు.

“నేను మగ్గాన్ని తిట్టుకుంటాండా,” అన్నాడు ఈరన్న.

“దాని తప్పేం లేదన్నా. నేనూ నీ మాదిరే దారి చెప్పినా.”

ముందు ప్రోగ్రామున్న ఫోల్డరును తెరిచి పట్టుకుని, అక్కడి నుంచే వెతకమని ఆమె ప్రోగ్రాములో నాలుగు వరుసలు మార్చింది. పొద్దు వాలేలోపు అంచు మీదికి నెమలి కాళ్లు వచ్చాయి. మిగతా నెమలి దారిలో ఉంది.