నా ఒంటికి పడే తీపి కోసం కోవిల్‌పట్టి దాకా

పులిసినవీ నిలవున్నవీ తింటే నాకు మెడ నిండా దద్దుర్లు, గుండె దడ. వాటిలో పెరిగే హిస్టమిన్ పడని ఒళ్ళన్నారు. తేనె మానేశాను, స్టీవియా చేదనిపించింది, బజారు బెల్లం ఆస్పత్రి పాలు చేసింది. చక్కెర ఒక్కటే మిగిలింది. “తాజా తాటిబెల్లం గోరంత తిని చూడండి” అని డాక్టరు అన్నాక కుదురుగా ఉండలేకపోయాను. తాటిబెల్లం అప్పటికప్పుడు కాస్తారని విని, ఏప్రిల్‌లో తమిళనాడులోని కోవిల్‌పట్టికి బయల్దేరాను.

మదురైలో తెల్లవారుజామున బస్సెక్కితే విరుదునగర్ మీదుగా ఏడున్నరకు కోవిల్‌పట్టి చేరాను. బస్టాండు చుట్టూ పల్లీపట్టీ దుకాణాలే. పల్లీ కూడా నాకు పడదు, వడివడిగా దాటేశాను. ఆటో నడిపే రామసామి నా ఫోను మాటలు విని వెనక్కి తిరిగాడు.

“మా ఇంట్లోనూ తెలుగేమ్మా. మీ తెలుగు పుస్తకం మాదిరి ఉండాది. యాడికి పోవల?”

రానూపోనూ ఆరు వందలకు తూత్తుకుడి రోడ్డులోని తాటితోపుకు తీసుకెళ్ళాడు. అక్కడ తాటిబెల్లం కాచే సెల్వి నల్లటి అచ్చొకటి నా చేతిలో పెట్టి తమిళంలో ఏదో అంది.

“పోయినేడుది, పొగ మింద కాపాడిండాది. ఇదే ఒసత్తి, శానా మేలైంది అంటాది” అన్నాడు రామసామి.

చెయ్యి వెనక్కి లాక్కున్నాను. ఆమె ముఖం ముడుచుకుంది.

“పాతబడిందైతే నాకు విషమే, మెడ నిండా దద్దుర్లొస్తాయని చెప్పు బాబూ.”

అతను చెప్పాడు. సెల్వి నా మెడ వంక చూసి, పొయ్యి మీద ఉడుకుతున్న పాకం వైపు వద్దన్నట్టు చెయ్యూపింది.

“అదీ వద్దంటమ్మా. తాటినీరు కొంచెం పులిసిండాది. పులవకుండా సున్నం పూసిన కుండలో ఇప్పుడు దించింది ఏరుగా కాస్తాది. రెండు గంటలు ఉండల.”

ఆ రెండు గంటలూ కూర్చోలేదు. దద్దుర్లకు వేసుకునే మాత్ర ఉందో లేదోనని సంచి నాలుగుసార్లు వెతికాను. చివరికి పెసరగింజంత నోట్లో వేసుకుంటే ముందు పొగ, వెనకే తీపి. కళ్ళు చెమర్చాయి.

తిరుగు దారిలో, ఆస్పత్రి దగ్గర్లో ఉంటుందని విరుదునగర్‌లో దిగి, బెంచీ మీద పది నిమిషాలకోసారి చేతులు తిప్పి చూసుకున్నాను. మూడింటికి మణికట్టు మీద ఎర్రటి చార! గడియారం పట్టీ ఒరుసుకుందంతే. సాయంత్రం దాకా ఇంకేమీ లేవలేదు.

మర్నాడు ఆశపడి, సెల్వి దగ్గర కొని తెచ్చుకున్నది రెట్టింపు తింటే చెవులు దురదపెట్టాయి. పెసరగింజే నా హద్దు. అయినా బాధ లేదు. తను కాచిందాన్నే “నీకు వద్దు” అన్న మనిషిని చూశాను. మీరూ వెళ్తే డాక్టరును అడిగి, ఎండాకాలంలో ఎనిమిదింటిలోపు వెళ్ళండి. ఆ రోజు కాచిందే తీసుకుని, ఆస్పత్రి ఉన్న ఊరు చేరాకే రుచి చూడండి, బస్సులో మాత్రం కాదు.