ఎనిమిది అచ్చిరాని ఆఫీసు

కంప్యూటర్ చెడిపోతే నాకు కోపం రాదు. దానికో కారణం ఉంటుంది, ఓపిగ్గా వెతికితే దొరుకుతుంది. బాగున్నదాన్ని మనుషులు చెడగొడితేనే ఒళ్ళు మండుతుంది. గుడివాడ రొయ్యల ఆఫీసులో జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ నోరు చేదెక్కుతుంది.

నేను ఏ కాలేజీ మెట్లూ ఎక్కలేదు. బందరులో రేడియోలు బాగుచేస్తూ మొదలుపెట్టాను. రేడియోలు పోయి టీవీలొచ్చాయి, తర్వాత కంప్యూటర్లు. ఒక్కోదాన్నీ విప్పి, పాడుచేసి, మళ్ళీ బిగించి నేర్చుకున్నాను. రైతుల దగ్గర రొయ్యలు కొని ప్లాంటుకి పంపే ఆ ఆఫీసులో వైర్లు లాగి, సర్వర్ నిలబెట్టింది నేనే. ఇన్నేళ్ళుగా అది కిక్కురుమనకుండా పనిచేసింది.

వేసవిలో ఒక పొద్దున ఓనరు ఫోను చేశాడు. "బాబాయ్, నెట్ చచ్చిపోయింది. వాకిట్లో రొయ్యల బండి ఆగిపోయింది. నువ్వు రావాలి." పామర్రు మీదుగా బస్సెక్కి వెళ్ళాను.

వెళ్ళేసరికి ఎండ ముదిరింది. బండి కింద ఐసు నీళ్ళు మడుగు కట్టాయి. దాని పక్కనే నందివాడ వైపు రైతు ఒకతను మోకాళ్ళ దాకా బురదతో నిలబడి ఉన్నాడు. కౌలు చెరువు. రొయ్యకి వైట్‌స్పాట్, అదే తెల్లమచ్చల తెగులు, తగిలిందని తెలియగానే, మొత్తం పోకముందే వల లాగి పట్టుబడి చేసి తెచ్చాడట. టార్పాలిన్ ఎత్తి ఒక రొయ్య తీసి నా చేతిలో పెట్టాడు.

"చూడండి మావయ్యగారూ, ఇంకా తల తెల్లగానే ఉంది. ఇది నల్లబడితే ప్లాంటు వాళ్ళు గేటు లోపలికి కూడా రానివ్వరు. ఈ ఏడాదికి నాకున్నదిదే."

ప్లాంటు గేటు తెరవాలంటే ముందు వాళ్ళ వెబ్‌సైట్‌లో ఈ ఆఫీసు నుంచి కాటా బరువూ ల్యాబ్ రిపోర్టూ ఎక్కాలి. ఆ వెబ్‌సైట్ తెరుచుకోవడం లేదు. పోనీ ఫోన్లో తెరుద్దామంటే, బరువులూ రిపోర్టూ ఉన్నది ఆఫీసు సర్వర్‌లో. అదీ పలకడం లేదు.

లోపల ఓనరు బావమరిది టేబుల్ కింద దూరి వైర్లు పీకుతున్నాడు. ఊళ్ళో కంప్యూటర్లు అమ్మే షాపు అతనిది. "లైను ప్రాబ్లమండీ. మళ్ళీ మళ్ళీ రీస్టార్ట్ చేశాను" అన్నాడు. నేనూ మొదట లైను వాళ్ళనే నాలుగు తిట్టాను. తర్వాత బయటి కంప్యూటర్ ఒకదాన్ని దాని నంబరుతో పిలిచాను. వెంటనే పలికింది. దాన్నే పేరుతో పిలిచాను. ఉలుకూ లేదు, పలుకూ లేదు. అంటే లైను నిక్షేపంగా ఉంది. పేర్లు చెప్పేవాడే మాయమయ్యాడు.

మా రోజుల్లో బందరు ఎక్స్ఛేంజీకి ఫోను చేసి ఫలానా డాక్టరుగారు అంటే, ఆపరేటరమ్మ నంబరు వెతికి కలిపేది. డీఎన్ఎస్ సర్వర్ పనీ అదే. పేరు చెబితే నంబరు చెబుతుంది. ఆ ఆఫీసులో ఆ పని చేసేదీ నేను పెట్టిన సర్వరే. ప్రతి కంప్యూటర్‌లోనూ ఆ సర్వర్ అడ్రస్ రాసిపెట్టాను: 192.168.1.8.

సెట్టింగులు తెరిచి చూశాను. అన్నిట్లోనూ అదే ఉంది. మూల గదిలోకి వెళ్ళి సర్వర్ చూశాను. దాని మీద అడ్రస్ రాసి నేను అంటించిన కాగితం లేదు. కొత్తది అంటించి ఉంది, పచ్చ సిరాతో, చివర తొమ్మిది. ఆపరేటరమ్మని పక్కింటికి మార్చేస్తే, ఊరంతా పాత ఇంటి తలుపే కొడుతున్నారన్నమాట.

"ఇదెవరు మార్చారు?"

బావమరిది బావ వంక చూశాడు. ఓనరు గొంతు సవరించుకున్నాడు. "నేనే వీడిచేత మార్పించాను బాబాయ్, నిన్న సాయంత్రం. ఈమధ్య లోడ్లు తిరిగొస్తున్నాయి. విజయవాడ నుంచి నంబర్ల ఆయన్ని పిలిపిస్తే, ఆఫీసంతా తిరిగి దీని దగ్గర ఆగిపోయాడు. ఎనిమిదంటే శని అన్నాడు."

"నువ్వు ఆదివారం చర్చిలో ముందు బెంచీలో కూర్చుంటావు. శనితో నీకేం పనయ్యా?"

"అది దేవుడి సంగతి. ఇది లెక్క."

నాకు కంపరం పుట్టింది. దివిసీమలో మా అమ్మమ్మగారి ఊరు. ఉప్పెన వచ్చిన ఏడు మా మావయ్య ఒకాయన ముందురోజు ఊరు దాటబోయి, పిల్లి ఎదురైందని వెనక్కొచ్చి పడుకున్నాడు. తర్వాత ఆ ఇల్లు ఎక్కడుండేదో చూపించడానికి ఆనవాలు కూడా మిగల్లేదు. అప్పటినుంచి ఇలాంటి మాటలంటే నాకు పడదు.

"పాత నంబరు పెట్టేస్తాను. నిమిషాల్లో పని" అన్నాను.

"వద్దు. కావాలంటే మిగతా అన్నిట్లోనూ తొమ్మిది పెట్టు."

"కంప్యూటర్లు, కాటా, ప్రింటర్లు, సర్వర్ లోపల నేను రాసిన పేర్లు, అన్నీ మార్చుకుంటూ కూర్చుంటే సాయంత్రమవుతుంది. ఈలోగా బయట బండి?"

బావమరిది కలగజేసుకున్నాడు. "బావా, అందరూ వాడే డీఎన్ఎస్ ఒకటుంది. అది పెట్టేస్తే కనీసం బయట సైట్లన్నా తెరుచుకుంటాయి. గుర్తుపెట్టుకోవడం కూడా తేలిక, నాలుగు ఎనిమిదులు."

"ఒక ఎనిమిదిని వదిలించుకుందామంటే నలుగుర్ని తోడు తెస్తావా! నోర్ముయ్!"

నేను సర్వర్ ఎలా పనిచేస్తుందో మొదట్నుంచీ చెప్పాను. ఎక్స్ఛేంజీ కథ చెప్పాను. రైతు గుమ్మంలోకి వచ్చి, "ఐసు కరిగిపోతోందండీ" అని మెల్లగా అన్నాడు. ఓనరు తల అడ్డంగా ఊపాడు. అతను చెడ్డవాడు కాదు, రైతు మీద జాలీ ఉంది. కానీ ఆ తల మాత్రం నిలువుగా ఊగదు.

అప్పుడు నా కళ్ళు సర్వర్ మీది ఆ పచ్చ సిరా కాగితం మీద పడ్డాయి. నోట్లోంచి మాట వచ్చేసింది.

"నీ కారు నంబరు ఎలా చూసుకున్నావయ్యా? చివరి అంకె ఒక్కటేనా?"

"కాదు, మొత్తం కూడాలి. తొమ్మిది రావాలి."

"మరి దీన్ని కూడు. నేను పెట్టినదాన్ని. ఒకటి, తొమ్మిది, రెండు. ఒకటి, ఆరు, ఎనిమిది. ఒకటి. ఎనిమిది."

అతని పెదవులు కదిలాయి. "ముప్పై ఆరు. మూడూ ఆరూ... తొమ్మిది!"

"ఇప్పుడు ఆ నంబర్ల ఆయన పెట్టించింది కూడు. ముప్పై ఏడు. అంటే పది. అంటే ఒకటి. చేతిలో ఉన్న తొమ్మిదిని పారేసుకున్నావు."

"వాడి మొహం మండా! మొత్తం కూడకుండానే మార్పించాడా! అసలు వాడికి శాస్త్రం తెలుసా? మార్చెయ్ బాబాయ్, ముందు మార్చెయ్!"

తిట్టు నంబర్ల ఆయనకి పడింది, నంబర్లకి కాదు. నేను సర్వర్ ముందు కూర్చుని ఆ ఒక్క అంకె మార్చాను. కాటా పలికింది, రిపోర్టు వచ్చింది, ప్లాంటు సైటు తెరుచుకుంది. బండి నీళ్ళు కారుస్తూ కదిలింది. ఓనరు టిఫిన్ తెప్పించాడు గానీ నాకు తినబుద్ధి కాలేదు. నిజం చెబితే వినలేదు. వాళ్ళ చెత్తనే ఏరి వాళ్ళకి తినిపిస్తే లొట్టలేసుకుంటూ తిన్నారు. వడ్డించింది నేను.

సాయంత్రం బందరులో బస్సు దిగుతుంటే రైతు ఫోను చేశాడు. "సరుకు తీసుకున్నారు మావయ్యగారూ. పై ట్రేలు మెత్తబడ్డాయని తీసేశారు. మిగతాది గట్టెక్కింది."

ఆ రోజు విన్న ఒకే ఒక్క మంచి మాట అది. ప్రాణం కుదుటపడింది. ఇక ఫోను పెట్టేయబోయాను.

"ఒక్క మాటండీ. లోపల మీరు కూడి చెప్పడం గుమ్మంలోంచి విన్నాను. నా చెరువు సర్వే నంబరు కూడా ఒకసారి చూసిపెడతారా? వైట్‌స్పాట్ రెండోసారి తగిలింది..."

రోడ్డు పక్కకి జరిగాను. నంబరు చూసి తెగులు రాదు, నీళ్ళు పరీక్ష చేయించు, రొయ్య పిల్లని మంచి హేచరీలో కొను, పీతలు రాకుండా గట్టుకి వల కట్టు అని చెప్పాను. అవతల నుంచి ఊఁ, ఊఁ అని వినిపించింది.

"అవన్నీ చేస్తానండీ" అన్నాడు, ఎంతో భక్తిగా. "నంబరు చెప్పమంటారా మరి?"