పట్టపగలు పన్నెండు లైట్లు

తెలంగాణ వచ్చిన ఏడాది, గోదావరిఖని బస్సులో నా పక్కన కూర్చున్న బొగ్గుగని కార్మికుడు సమ్మయ్య సెల్‌ఫోన్ తీశాడు. పుణెలో చదివే ఆయన కూతురు ఫేస్‌బుక్‌లో ఫోటో పెడితే, "ఈ మద్రాసీ కనబడాలంటే లైటు వేయాలి" అని తోటి విద్యార్థి రాశాడట. ఆ పిల్ల చదువు మానేసి వస్తానంది.

"మేం పన్నెండు మందిమి షిఫ్టు దిగినంక తానం చెయ్యలే సార్. గా బొగ్గు మసితోనే టోపీల లైట్లు వేసుకొని, ఎండల ఫోటో దిగినం. 'లైటేసినం బేటా, కనబడుతున్నమా?' అని హిందీల రాసి వాని మాట కిందనే పెట్టినం."

"అమ్మాయి ఏమంది?"

"ఇందుల నువ్వెవరు నాయినా అని నవ్వింది. తెల్లారి కాలేజీకి పోయింది."

తనెవరో పోల్చమని ఫోను నాకిచ్చాడు. పక్కనున్న మనిషినే పోల్చుకోలేక రెండుసార్లు వేరేవాళ్లను చూపించాను.