చక్రం కింద రాయి

అది శనివారం, మధ్యాహ్నం మూడు గంటలు. మాకు గడియారం లేదు గానీ తాడిపత్రి బస్సు అప్పుడే పోయింది. నిన్న మనవడు వాకిట్లో పికప్ బండికి బ్రేకు ప్యాడ్లు మారుస్తుంటే నా చిన్నప్పటి ఆ శనివారం నాటి మాడు వాసనే మళ్ళీ వచ్చింది.

మా నాయన పాత వ్యానులో బండరాళ్ళు తోలేవాడు. బ్రేకులు సరిగ్గా పట్టేవి కావు. బండి ఆగీ ఆగకముందే నేను దూకి చక్రం కింద రాయి పెట్టాలి. తొమ్మిదేళ్ళకు అదే నా ఉద్యోగం. ఊళ్ళో ఏ పిల్లకూ లేని గొప్ప అనుకునేదాన్ని.

ఆ రోజు నాయన చక్రాలు విప్పి, కొత్త బ్రేకు లైనర్లు గోనెపట్టా మీద పరిచాడు.

"ఇంగ రాయితో పని ల్యాదు పాపా. సోమారం నుంచి బడికి పో."

"మరి బండినెవరు ఆపుతారు?"

"బ్రేకే ఆపుతాది. నీ మాదిరి తిండి కూడా అడగదు," అని మా అన్న నాగన్న నవ్వాడు.

వాళ్ళు నీళ్ళు తాగడానికి లోపలికి పోగానే ఒక లైనరు తీసుకుపోయి పెరట్లో శెనక్కాయ పొట్టు కుప్పలో పూడ్చేశాను.

పొద్దుగూకేదాకా వెతికారు. "యాడ పోయిందప్పా!" అంటూ నాయన మళ్ళీ పాతవే బిగించాడు. అమ్మ నా జడలో ఇరుక్కున్న పొట్టు తీసి పారేసింది. నన్ను కొడతాడనో, నేను వెంట ఉంటే ఆయనకు ధైర్యమనో, నాయనకు మాత్రం చెప్పలేదు.

"రాయెత్తుకో పాపా," అన్నాడు నాయన. గెలిచాననుకున్నాను.

మళ్ళీ కొనడం ఆయన వల్ల కాలేదు. ఆ రాయి ఇంకో ఆరేళ్ళు మోశాను. నా పేరు నేను రాసుకోవడం నేర్చుకునేసరికి నాకు నలభై ఏళ్ళు దాటాయి.

ఆ రోజు అక్కడున్నది నాయన, అమ్మ, నాగన్న, నేను. తెలిసింది మాత్రం అమ్మకూ నాకే.